పి21 యాంటీబాడీ: రాయలసీమ ప్రయోగశాలలకు ఏది సరిపోతుంది?

రాయలసీమలో క్యాన్సర్ కణాలమీద పనిచేసే పరిశోధక విద్యార్థుల పని తరచూ ఒకే దారిలో మొదలవుతుంది. శేషాచలం కొండల ఎర్రచందనమో, నల్లమలలో దొరికే మరో మూలికో, అనంతపురం వేరుశనగలో ఉండే రెస్వెరాట్రాలో తీసుకుని కణాలకు ఇస్తారు. కణాలు పెరగడం మానేస్తాయి. ఎందుకు మానేశాయని గైడు అడుగుతారు. అప్పుడు అందరి చూపూ కణ విభజనను ఆపే పి21 అనే ప్రొటీన్ మీద, దాన్ని పట్టి చూపించే యాంటీబాడీ మీద పడుతుంది.

పడడం న్యాయమే. కణాన్ని విభజన వైపు నడిపించేవి సైక్లిన్‌లు, వాటితో జతకట్టే సీడీకే ఎంజైములు. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు పి53 అనే కాపలా ప్రొటీన్ మేలుకొని పి21ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. పి21 వెళ్లి ఆ సైక్లిన్-సీడీకే జంటను పట్టుకుని కణచక్రానికి అడ్డం పడుతుంది. 1993లో దీన్ని వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు దారుల్లో వెళ్లి కనుక్కున్నాయి. అందుకే కేటలాగుల్లో వాఫ్1 అని ఒకచోట, సిప్1 అని ఇంకోచోట, సీడీకేఎన్1ఏ అని మరోచోట కనిపిస్తుంది.

అనంతపురంలో ఉండి ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి, కర్నూలు నుంచీ కడప నుంచీ కూడా విద్యార్థులు ఒకే ప్రశ్న వేస్తుంటారు: "మేడం, ఏ యాంటీబాడీ కొనమంటారు?" నా జవాబు ముందే చెప్పేస్తాను. మనిషి కణాల మీద వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతో బ్యాండ్‌గా చూసే పద్ధతి) మాత్రమే చేసేవాళ్లు, కింద వివరించబోయే కుందేలు రీకాంబినెంట్ మోనోక్లోనల్‌లో చిన్న ప్యాక్ తీసుకోండి. మిగిలిన డబ్బు పోల్చి చూడడానికి వాడే కంట్రోల్ నమూనాల మీద పెట్టండి. చిట్టెలుక కణజాలమో, ఆసుపత్రిలో ఫార్మాలిన్‌తో నిలవచేసిన కణజాలపు బ్లాకులో అయితే లెక్క మారుతుంది. ఎలా మారుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు కొనాలా?

మూలిక సారం ఇచ్చాక కణాలు జీ1 దశలో (డీఎన్ఏ రెట్టింపు కాకముందు) ఆగాయా లేదా అన్నదే మీ ప్రశ్న అయితే యాంటీబాడీతో పనిలేదు. ప్రొపిడియం అయొడైడ్‌తో డీఎన్ఏకు రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తే సరిపోతుంది. ఆ రంగు ఖరీదు యాంటీబాడీతో పోలిస్తే ఏపాటిది? కణాలు జీ1లో ఆగనేలేదని తేలితే పి21 కోసం డబ్బు ఖర్చు చేసేముందు ఒకసారి ఆగి ఆలోచించుకోవచ్చు. అయితే పి21 డీఎన్ఏ రెట్టింపయ్యాక వచ్చే జీ2 దశలోనూ కణాన్ని ఆపగలదు కాబట్టి, గ్రాఫులో జీ1 గుట్ట పెరగలేదన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టిపారేయకూడదు.

రెండో మెట్టు క్యూపీసీఆర్, అంటే ఎంఆర్‌ఎన్ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష. పి53 పి21ను పెంచేది ముఖ్యంగా జన్యువు స్థాయిలోనే కాబట్టి, సీడీకేఎన్1ఏ ఎంఆర్‌ఎన్ఏ పెరిగిందో లేదో ప్రైమర్ల జతతో తెలిసిపోతుంది. ఈ ఫలితం తరువాత యాంటీబాడీకి సాక్ష్యంగా కూడా పనికొస్తుంది. ఎంఆర్‌ఎన్ఏ పెరిగిన నమూనాల్లోనే బ్యాండ్ కూడా ముదిరితే, మీ బ్యాండ్ పి21దేనన్న నమ్మకం బలపడుతుంది. కానీ ఎంఆర్‌ఎన్ఏ ఒక్కటే చూపించి ప్రొటీన్ పెరిగిందని రాయడానికి వీల్లేదు. పి21ను కణంలో ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాసోమ్ ఎప్పటికప్పుడు విరగ్గొడుతూనే ఉంటుంది; సగం ప్రొటీన్ గంటలోపే పోతుంది. తయారీ పెరిగినా నిల్వ పెరగకపోవచ్చు, తయారీ పెరగకుండానే నిల్వ పెరగవచ్చు. ప్రొటీన్ గురించి ఒక్క వాక్యమైనా రాయదలచుకుంటే యాంటీబాడీ కావాల్సిందే.

మూడు రకాలు, మూడు స్వభావాలు

పాలీక్లోనల్ యాంటీబాడీని కుందేలుకో మేకకో ప్రొటీన్ ఎక్కించి, దాని రక్తం నుంచి తీస్తారు. అందులో ఒకే ప్రొటీన్‌లోని వేర్వేరు భాగాలను పట్టుకునే యాంటీబాడీలన్నీ కలిసి ఉంటాయి. ధర తక్కువ, బ్యాండ్ గట్టిగా వస్తుంది. కష్టం ఎక్కడంటే, ఆ జంతువు పోయాక అదే సరుకు మళ్లీ దొరకదు. కొత్త జంతువు నుంచి వచ్చిన లాట్‌కు (విడత సరుకుకు) పాత లాట్‌తో పోలిక ఉండాలని లేదు. పాత పరిశోధన పత్రాల్లో పి21 కోసం శాంటా క్రూజ్ సంస్థ వారి సి-19 అనే కుందేలు పాలీక్లోనల్ పేరు కోకొల్లలుగా కనిపిస్తుంది. గైడు ఇచ్చిన పాత పత్రంలో దాన్ని చూసి అదే కావాలని వెతికే విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు. 2016లో అమెరికా వ్యవసాయశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ 35 లక్షల డాలర్లు చెల్లించి జంతువుల లైసెన్సు వదులుకుంది. ఆ తరువాత దాని పాలీక్లోనళ్లు మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. కాబట్టి సి-19 కోసం వెతకకండి. ఎవరి ఫ్రీజర్‌లోనైనా పాత సీసా మిగిలి ఉంటే, దాని మీద కొత్త థీసిస్ మొదలుపెట్టకండి.

చిట్టెలుక మోనోక్లోనల్ రెండో రకం. 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టిన, యాంటీబాడీ తయారుచేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి పెంచే హైబ్రిడోమా పద్ధతి దీనికి ఆధారం. ఆ పనికి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే కణం సంతతి నుంచి వస్తుంది కాబట్టి ఒకే యాంటీబాడీ ఉంటుందని పుస్తకాల్లో చదువుకున్నాం. వాస్తవం అంత శుభ్రంగా లేదు. 2018లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 185 హైబ్రిడోమాలను పరీక్షిస్తే 59 హైబ్రిడోమాల్లో అదనపు యాంటీబాడీ గొలుసులు బయటపడ్డాయి. అంటే మోనోక్లోనల్ అని లేబుల్ ఉన్న సీసాలో కూడా రెండో రకం కలిసి ఉండే అవకాశం ఉంది. అయినా ఈ రకంలో పి21కు పేరున్న క్లోన్లు (ఒక్కో కణ సంతతి నుంచి వచ్చే యాంటీబాడీలు) ఉన్నాయి. ఎఫ్-5ను చిట్టెలుక పి21తో తయారు చేశారు, అది మనిషి పి21ను కూడా పట్టుకుంటుంది. ఎస్ఎక్స్118ను ఆసుపత్రి కణజాలపు స్లైడ్ల మీద చాలా ఏళ్లుగా వాడుతున్నారు.

కుందేలు రీకాంబినెంట్ మోనోక్లోనల్ మూడోది. యాంటీబాడీ జన్యువు వరుస తెలుసు, ఆ జన్యువునే కణాల్లో పెట్టి తయారు చేస్తారు. ఐదేళ్ల తరువాత కొన్నా అదే అణువు వస్తుంది. 2023లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో 65 ప్రొటీన్లకు అమ్ముతున్న 614 యాంటీబాడీలను ఆ ప్రొటీన్ జన్యువును తీసేసిన నాకౌట్ కణాలతో సరిచూశారు. మొత్తం మీద రీకాంబినెంట్లే మిగతా రెండు రకాల కంటే మెరుగ్గా పనిచేశాయి. అవి నాడీవ్యవస్థకు సంబంధించిన ప్రొటీన్లు, పి21 కాదు. కానీ ఏ రకం వైపు మొగ్గాలో తేల్చుకోవడానికి ఆ పరీక్ష చాలు. పి21కు 12డి1, ఈపీఆర్362 అనే కుందేలు క్లోన్లు మనిషి కణాల మీద బాగా వాడుకలో ఉన్నవి. చిట్టెలుక నమూనాలకు ఈపీఆర్18021 ఉంది.

12డి1, ఈపీఆర్362లలో ఏది అని అడిగితే, ఈ రెండింటి మధ్య తర్జనభర్జన పడి వారాలు పోగొట్టుకోవద్దంటాను. మీ కణాల్లో నాకౌట్ ఫొటో ఎవరు చూపిస్తున్నారో, చిన్న ప్యాక్ ఎవరు ఇస్తున్నారో, బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో ఎవరు ముందు పంపగలరో చూసుకుని తీసుకోండి.

జాతి చూసుకోకపోతే ఏమవుతుంది

కడప నుంచి ఒక విద్యార్థిని ఒక ఎక్స్‌రే ఫిల్మ్ తీసుకొచ్చింది. చిట్టెలుక కాలేయం, చిట్టెలుక మోనోక్లోనల్ యాంటీబాడీ. అన్ని లేన్లలోనూ నల్లగా, మందంగా, ఒకే ఎత్తులో బ్యాండ్. "మేడం, బ్యాండ్ బాగా వచ్చింది కదా, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా పి21 మారలేదని రాయవచ్చా?" అని అడిగింది. ఫిల్మ్‌ను మెంబ్రేన్ మీద ఆనించి, బరువు తెలిపే మార్కర్ గీతలతో పోల్చి చూస్తే బ్యాండ్ 21 దగ్గర లేదు, 25 కిలోడాల్టన్ల దగ్గర ఉంది. మరో మెంబ్రేన్ ముక్కకు పి21ను పట్టుకునే ప్రైమరీ యాంటీబాడీ వేయకుండా, ఆ ప్రైమరీని పట్టుకుని బ్యాండ్ చూపించే సెకండరీ ఒక్కటే వేయమన్నాను. మర్నాడు చూస్తే అదే బ్యాండ్, అంతే నలుపు.

ఆ అమ్మాయి చూసింది పి21ను కాదు. కాలేయంలోని రక్తంతో పాటు వచ్చిన చిట్టెలుక సొంత యాంటీబాడీల లైట్ చెయిన్ (యాంటీబాడీలోని చిన్న గొలుసు) అది. దాని బరువు దాదాపు 25 కిలోడాల్టన్లు. చిట్టెలుక యాంటీబాడీలను పట్టుకునే సెకండరీకి మనం వేసిన ప్రైమరీ ఏదో, కణజాలంలో ముందే ఉన్నదేదో తేడా తెలియదు. వేరే ప్రొటీన్లకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు, పి21కు మాత్రం సరిగ్గా పక్కనే వచ్చి కూర్చుంటుంది. ఇమ్యునోప్రెసిపిటేషన్ చేసేవాళ్లకూ ఇదే చిక్కు: ఏ జాతి యాంటీబాడీతో ప్రొటీన్‌ను లాగారో అదే జాతి యాంటీబాడీతో బ్లాట్ చేస్తే లైట్ చెయిన్ అడ్డం వస్తుంది.

అందుకే చిట్టెలుక కణజాలానికి కుందేలు క్లోన్ నయం. ఎఫ్-5నే వాడాలనుకుంటే ఎంజైమ్ నేరుగా అతికించిన రూపంలో కొనండి, అప్పుడు సెకండరీతో పనే ఉండదు. ఎంజైమ్ అతికించిన ఈ రకం సీసాల్లో, చెడిపోకుండా వాడే సోడియం అజైడ్ కలపకూడదు. అది అతికించిన హెచ్ఆర్‌పీ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు.

జాతి విషయంలో రెండో చిక్కు ఇంకా మౌనంగా దెబ్బతీస్తుంది. మనిషి పి21లో 164 ఆమైనో ఆమ్లాలు ఉంటే చిట్టెలుక పి21లో 159. మనిషి ప్రొటీన్‌కు తయారైన క్లోన్ చిట్టెలుక ప్రొటీన్‌ను పట్టుకోకపోతే బ్యాండే రాదు, మీరేమో పి21 లేదని అనుకుంటారు. మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వాడే విస్టార్ ఎలుకల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. డేటాషీట్‌లో "ఎలుక" అని ఉంటే చాలదు. ఎలుక నమూనాతో తీసిన బ్లాట్ ఫొటో ఉందా, లేక వరుసల పోలిక చూసి పనిచేస్తుందని ఊహించి రాశారా అన్నది చదవండి. ఆ రెండింటినీ చాలా సంస్థలు వేర్వేరుగానే గుర్తిస్తాయి, అడుగున చిన్న అక్షరాల్లో.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు పేరు కూడా సరిచూసుకోవాలి. పి21 అని టైపు చేస్తే రాస్ ప్రొటీన్‌కు చెందినవి, పి21 యాక్టివేటెడ్ కైనేజ్ అనే పాక్ యాంటీబాడీలు, పి21-ఆర్క్ కూడా జాబితాలో వస్తాయి. వాటికీ మన పి21కూ సంబంధం లేదు. కొటేషన్ మీద సీడీకేఎన్1ఏ అన్న జన్యువు పేరు, ప్రొటీన్ల డేటాబేస్ యూనిప్రాట్‌లోని సంఖ్య పి38936 ఉన్నాయో లేదో చూడకుండా సంతకం పెట్టించకండి. డబ్బు గ్రాంటుదైతే తిరిగి పంపడానికి పట్టే కాగితాల పని మీకు తెలిసిందే.

ఏ చివరను పట్టుకుంటుంది?

ఈ విషయం పెద్దగా ఎవరూ అడగరు, కానీ మొక్కల సారాలతో పనిచేసేవాళ్లకు చాలా ముఖ్యం. పి21 ముందు చివర సైక్లిన్-సీడీకేను పట్టుకుంటుంది, వెనుక చివర డీఎన్ఏ నకలు తీయడంలో పనిచేసే పీసీఎన్ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. సారం మోతాదు పెరిగి కణాలు చచ్చిపోయే దశకు వస్తే కాస్పేజ్-3 ఎంజైమ్ పి21ను 112వ ఆమైనో ఆమ్లం దగ్గర కోస్తుంది. వెనుక చివరను పట్టుకునే యాంటీబాడీతో చూస్తే 21 దగ్గరి బ్యాండ్ పలచబడినట్టు కనిపిస్తుంది. ముందు చివరను పట్టుకునేదైతే దాని కింద 15 కిలోడాల్టన్ల దగ్గర చిన్న ముక్క కూడా కనిపించవచ్చు. ఎక్కువ మోతాదులో పి21 తగ్గిందని రాసేముందు, అది తయారవడం తగ్గిందా, తయారైనది తెగిపోయిందా అన్నది ఆలోచించాలి. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో కాస్పేజ్-3 పనిచేసే రూపంలో లేదు కాబట్టి అక్కడ ఈ గొడవ ఉండదు. అదే సారాన్ని వేరే కణాల మీద పరీక్షించినప్పుడు ఫలితం వేరుగా రావడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

వెనుక చివరలో 145వ స్థానంలోని థ్రియోనిన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది, అప్పుడు ప్రొటీన్ కేంద్రకం వదిలి సైటోప్లాజంలోకి వస్తుంది. మీరు సూక్ష్మదర్శినిలో పి21 ఎక్కడుందో చూడదలచుకుంటే, ఫాస్ఫేట్ ఉన్నా లేకపోయినా పట్టుకునే యాంటీబాడీయే కావాలి. ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) ఎక్కడుందో సంస్థ చెప్పకపోతే ఈమెయిల్ రాసి అడగండి. నా అనుభవంలో చాలామంది జవాబిస్తారు.

కంట్రోల్ లేని యాంటీబాడీ సగం కొన్నట్టే

2016లో ఒక అంతర్జాతీయ బృందం యాంటీబాడీని నిరూపించడానికి ఐదు మార్గాలు సూచించింది: జన్యువును తీసేసి చూడడం, యాంటీబాడీతో పనిలేని మరో పద్ధతితో సరిపోల్చడం, వేరే చోట పట్టుకునే రెండో యాంటీబాడీతో చూడడం, ట్యాగ్ తగిలించిన ప్రొటీన్‌తో చూడడం, ఇమ్యునోప్రెసిపిటేషన్ తరువాత మాస్ స్పెక్ట్రోమెట్రీ చేయడం. మన ప్రయోగశాలల్లో మొదటి మూడూ సాధ్యమే. నా దృష్టిలో మొదటిదే రాజు.

మొదటి జెల్ మీద సారం ఊసే వద్దు. పుణె కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెచ్చుకునే ఎంసీఎఫ్-7 కణాల్లో పి53 చక్కగా పనిచేస్తుంది కాబట్టి అవి మంచి పాజిటివ్ కంట్రోల్. ఒక లేన్‌లో ఏమీ ఇవ్వనివి, పక్క లేన్‌లో డీఎన్ఏను దెబ్బతీసే మందు డాక్సోరూబిసిన్ అర నుంచి ఒక మైక్రోమోలార్ 24 గంటలు ఇచ్చినవి వేయండి. రెండో లేన్‌లో బ్యాండ్ కొట్టొచ్చినట్టు పెరగాలి. యూవీ కాంతిని పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టకండి. పి53 పెరిగినా, యూవీ తగిలిన కణాల్లో పి21 విరిగిపోవచ్చు. మూడో లేన్ నెగటివ్. పి21 జన్యువు తీసేసిన హెచ్‌సీటీ116 కణాలు 1995 నుంచీ ఉన్నాయి, వాటి లైసేట్ (విరగ్గొట్టిన కణాల ద్రావణం) దొరికితే అంతకంటే కావలసింది లేదు. దొరకకపోతే ఎంఆర్‌ఎన్ఏను అడ్డుకునే ఎస్ఐఆర్‌ఎన్ఏతో పి21ను తగ్గించి, ఆపైన డాక్సోరూబిసిన్ ఇచ్చి చూడండి. హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలను నెగటివ్‌గా వాడే అలవాటు చాలాచోట్ల ఉంది. వాటిలోని పాపిలోమా వైరస్ ప్రొటీన్ పి53ను నాశనం చేస్తుంది కాబట్టి పి21 తక్కువగా ఉంటుంది, కానీ అసలే లేదనుకోకూడదు. తక్కువ వేరు, లేకపోవడం వేరు.

అనంతపురంలో ఒకరు, కడపలో ఒకరు, కర్నూలులో ఒకరు విడివిడిగా నాకౌట్ లైసేట్ కొనడం డబ్బు దండగ. ఒక ప్యాక్ తెప్పించి ఐసు మీద పంచుకుంటే ముగ్గురికీ ఏడాది గడుస్తుంది.

జెల్ సంగతి క్లుప్తంగా. చిన్న ప్రొటీన్ కాబట్టి 12 నుంచి 15 శాతం జెల్ పోయండి, 0.45 కాకుండా 0.2 మైక్రాన్ల మెంబ్రేన్ వాడండి. లేకపోతే పి21 మెంబ్రేన్‌ను దాటి అవతలికి పోతుంది, తప్పు యాంటీబాడీ మీద పడుతుంది. ప్రొటీన్ ఆయుష్షు తక్కువ గనుక కణాలను ఐసు మీద, ప్రొటీన్లను విరగ్గొట్టే ఎంజైములను ఆపే ఇన్హిబిటర్లు కలిపిన బఫర్‌లో వెంటనే విరగ్గొట్టాలి.

ధర, ప్రయాణం, నిల్వ

100 మైక్రోలీటర్ల సీసా ధర పన్నులతో కలిపి నలభై యాభై వేల రూపాయలు కావడం మామూలే. వెయ్యికి ఒకటి చొప్పున పలచబరిస్తే దానితో 100 మిల్లీలీటర్లు తయారవుతుంది. చిన్న మెంబ్రేన్‌కు 5 మిల్లీలీటర్లు చాలు, అంటే 20 బ్లాట్లు. 20 మైక్రోలీటర్ల ప్యాక్‌తో నాలుగే బ్లాట్లు వచ్చేలా కనిపిస్తుంది కానీ, పలచబరిచిన ద్రావణాన్ని అజైడ్ కలిపి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్నిసార్లు మళ్లీ వాడుకోవచ్చు. నాకౌట్ కంట్రోల్‌తో మొదటి పరీక్ష అయ్యేదాకా చిన్న ప్యాకే మేలు. పనిచేయని సీసా ఎంత పెద్దదైతే నష్టం అంత పెద్దది. చౌకలో దొరికే పాలీక్లోనల్ సగం ధరకే వస్తుంది. దాని బ్యాండ్ నిజమో కాదో తేల్చడానికి మళ్లీ ఇంకో యాంటీబాడీ కొనాల్సి వస్తే ఆ మిగులు ఎక్కడుంది?

కర్నూలు ఆసుపత్రి కణజాలపు బ్లాకుల మీద పనిచేసే వైద్య విద్యార్థులు వెస్టర్న్‌లో బాగుందని ఏదో ఒకటి కొనకండి. వెస్టర్న్‌లో ప్రొటీన్ మడతలు విడిపోయి ఉంటుంది, ఫార్మాలిన్ బ్లాకులో అతుక్కుపోయి ఉంటుంది. రెండింటిలోనూ ఒకే క్లోన్ పనిచేస్తుందన్న హామీ లేదు. ఎస్ఎక్స్118, 12డి1 రెండూ బ్లాకుల మీద పనిచేస్తాయి. రంగు కేంద్రకంలో రావాలి. సైటోప్లాజమంతా గోధుమరంగు పరుచుకుంటే యాంటిజెన్ రిట్రీవల్ (అతుక్కుపోయిన ప్రొటీన్‌ను యాంటీబాడీకి అందేలా చేసే పద్ధతి) మార్చి చూడండి, యాంటీబాడీని ఇంకా పలచబరిచి చూడండి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో 40 డిగ్రీలు దాటుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు నుంచి పార్సెల్ ఒక్క పూటలో వచ్చేస్తుంది, చిక్కంతా ఆఖరి మజిలీలోనే. శనివారం మధ్యాహ్నం వచ్చిన పెట్టె సోమవారం వరకు కొరియర్ గోడౌన్‌లో పడి ఉంటుంది. పంపే రోజు సోమవారమో మంగళవారమో ఉండాలని ఆర్డర్ మీద రాయించండి. సంక్రాంతి, దసరా సెలవులకు ముందు వారం అసలే వద్దు. వచ్చిన వెంటనే ఐస్‌ప్యాక్ చల్లగా ఉందో లేదో చూసి ఫొటో తీసి పంపిణీదారుకు పంపండి. సగం గ్లిసరాల్ ఉన్న యాంటీబాడీ మైనస్ 20లో గడ్డకట్టదు, దాన్ని చిన్న గొట్టాల్లోకి పంచనక్కరలేదు. గ్లిసరాల్ లేనిదాన్ని మాత్రం మొదటిరోజే పంచి పెట్టాలి; కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కరిగి గడ్డకట్టే సీసా ఎక్కువకాలం మన్నదు.

నోటుపుస్తకంలో క్లోన్ పేరు, కేటలాగ్ సంఖ్య, లాట్ సంఖ్య, ఆర్ఆర్ఐడీ (ఒక్కో యాంటీబాడీకీ ఉండే గుర్తింపు సంఖ్య) నాలుగూ రాసుకోండి. పత్రం పంపేటప్పుడు పత్రికలు వీటినే అడుగుతాయి. పాత లాట్ ఇంకా కొంచెం మిగిలి ఉండగానే కొత్త లాట్ తెప్పించి, ఫ్రీజర్‌లో దాచిన అదే డాక్సోరూబిసిన్ లైసేట్ మీద రెండింటినీ పక్కపక్కన నడపండి. బ్యాండ్లు సరిపోలాక పాత సీసా పక్కన పెట్టవచ్చు.